ట్రాన్స్‌ఫర్ల సీజన్లో వాదించడం ఎలా: గుంటూరు టీ బల్ల అనుభవంతో ఒక సమగ్ర మార్గదర్శి

2018 జనవరి 6న ఫుట్‌బాల్ ఆటగాడు ఫిలిప్ కూటినో ఇంగ్లండ్ క్లబ్బు లివర్‌పూల్ వదిలి స్పెయిన్ క్లబ్బు బార్సిలోనాకు వెళ్లిపోయాడు. ఆ రాత్రి బ్రాడీపేటలో మేం కూర్చునే టీ కొట్టు దగ్గర నేను అన్న మాట ఇది: "లివర్‌పూల్ పని అయిపోయింది. ఇంకో పదేళ్లు కప్పు ముఖం చూడరు." నేను లివర్‌పూల్ అభిమానినే. బాధలో అన్నాను, కానీ గట్టిగానే అన్నాను. 2019 జూన్‌లో వాళ్లు యూరప్ క్లబ్బుల పెద్ద పోటీ ఛాంపియన్స్ లీగ్ గెలిచారు, ఆ మరుసటి ఏడాది ఇంగ్లండ్ పెద్ద లీగ్ అయిన ప్రీమియర్ లీగ్ గెలిచారు. ఇప్పటికీ కొట్టు బాబాయి గ్లాసు చేతికిస్తూ "ఏమయ్యా, పదేళ్లు అయినయ్యా?" అని అడుగుతాడు. ఆయనకు ఫుట్‌బాల్ తెలియదు. నా మాట మాత్రం గుర్తుంది.

సిగ్గుపడాల్సిన సంగతేమిటంటే, నా ఉద్యోగమే ధరలు చూడటం. మిర్చి యార్డు దగ్గర ఒక కమీషన్ కొట్టులో గుమాస్తాని. సరుకు ఎంత బాగున్నా రైతుకు డబ్బు అర్జెంటయితే ధర తగ్గుతుందని, కొనేవాడికి ఎగుమతి ఆర్డరు మీద తొందర ఉంటే తాలు కాయలకూ గిరాకీ వస్తుందని రోజూ చూస్తాను. కూటినో విషయంలో మాత్రం 'ఎవరు వెళ్లిపోయారు' అన్నదొక్కటే చూశాను. 2013లో ఇంటర్ మిలాన్ నుంచి 8.5 మిలియన్ పౌండ్లకు తెచ్చుకున్న ఆటగాడిని, బోనసులన్నీ కలిపితే 142 మిలియన్ల దాకా వచ్చేట్టు అమ్మారు. కొన్నవాళ్ల పరిస్థితి ఏమిటి? అయిదు నెలల ముందే తమ ఆటగాడు నెయ్‌మార్‌ను పారిస్‌ క్లబ్బుకు పంపి 222 మిలియన్ యూరోలు జేబులో వేసుకున్నారు. ఆ సంగతి ఊరందరికీ తెలుసు. జేబు బరువుగా ఉన్న వ్యాపారి యార్డులో అడుగుపెడితే ధర దానంతటదే లేస్తుంది. ఆ నెలలోనే 75 మిలియన్లకు డిఫెండర్ వాన్ డైక్ వచ్చాడు, ఆ వేసవిలో గోల్‌కీపర్ అలిసన్ వచ్చాడు. లివర్‌పూల్‌కు అప్పటికి లేనివి సరిగ్గా ఆ రెండే.

అప్పటినుంచి మా బల్ల దగ్గర ఒక పద్ధతి పెట్టుకున్నాం. మేం అయిదుగురం. మాంచెస్టర్ యునైటెడ్ మీద పిచ్చి ఉన్న మా బావ, ఆర్సెనల్ అభిమాని తమ్ముడొకడు, చెల్సీ మామ ఒకాయన, విజయవాడ నుంచి శనివారాలు రైల్లో వచ్చే రియల్ మాడ్రిడ్ మిత్రుడు, నేను. ఆ పద్ధతిని వరసగా చెప్తాను.

మొదటి అడుగు: ముందు గడియారం సరిచూసుకోండి

ఆటగాళ్ల కొనుగోళ్లకు ఏడాదిలో రెండు విండోలు, అంటే అనుమతి ఉన్న గడువులు, ఉంటాయి. ఒకటి వేసవిలో, ఒకటి జనవరిలో. ఇంగ్లండ్‌లో వేసవి విండో మామూలుగా జూన్‌లో తెరుచుకుని ఆగస్టు చివరికో సెప్టెంబరు మొదటికో మూసుకుంటుంది. వాళ్ల వేసవి సమయానికి నాలుగున్నర గంటలు కలిపితే మన సమయం, చలికాలంలో అయితే అయిదున్నర. 2025 సెప్టెంబరు 1న లండన్‌లో సాయంత్రం 7కి మూశారు, అంటే మనకు రాత్రి 11:30. ఇది మనకు దొరికిన అదృష్టం. పాత రోజుల్లో వాళ్లు రాత్రి 11కి మూస్తే ఇక్కడ తెల్లవారుజామున మూడున్నర అయ్యేది. జనవరి విండో చివరి రోజైతే నాలుగున్నర, ఇంట్లోవాళ్లు పాలప్యాకెట్ కోసం లేచే వేళ.

గుర్తుంచుకోవాల్సింది ఇంకొకటి. ఇంగ్లండ్ విండో మూసుకున్నా అన్ని దేశాలవీ ఒకే రోజు మూసుకోవు. తమ విండో ఇంకా తెరిచే ఉన్న దేశాల క్లబ్బులు ఇంగ్లండ్ క్లబ్బుల ఆటగాళ్లను తీసుకెళ్లొచ్చు. అందుకే "విండో అయిపోయింది, ఇంక మనోడు ఎక్కడికీ పోడు" అని ఆ రాత్రే ఊపిరి పీల్చుకోకండి.

ఆఖరి నిమిషం కాగితాలంటే తేలిగ్గా తీసుకునేవాళ్లకు రెండు కథలు చెప్పండి. 2015 ఆగస్టు 31న మాంచెస్టర్ యునైటెడ్ గోల్‌కీపర్ డే హెయా రియల్ మాడ్రిడ్‌కు వెళ్లడం ఖాయమైంది, కాగితాలు గడువు దాటాక చేరాయి, మనిషి మాంచెస్టర్‌లోనే ఉండిపోయాడు. 2017లో అడ్రియన్ సిల్వాను లెస్టర్ కొనుక్కుంది. నమోదు 14 సెకన్లు ఆలస్యమైంది. జనవరి దాకా అతను ఒక్క మ్యాచ్ కూడా ఆడలేకపోయాడు.

రెండో అడుగు: వార్త ఏ మెట్టు మీద ఉందో అడగండి

సగం గొడవలు ఇక్కడే మొదలవుతాయి. ఒకడు ఫోన్ చూసి "వచ్చేస్తున్నాడంట మామా" అంటాడు. రెండోవాడు జట్టులో ఎక్కడ ఆడించాలో గీతలు గీసేస్తాడు. చూస్తే ఆ వార్తలో ఉన్నది 'ఆసక్తి చూపుతున్నారు' అన్న ముక్క మాత్రమే.

మన పెళ్లి సంబంధాల లెక్కన చూస్తే సులువుగా అర్థమవుతుంది. 'ఆసక్తి' అంటే అబ్బాయి ఫొటో వాట్సాప్‌లో వచ్చింది, అంతే. 'వాకబు చేశారు' అంటే మధ్యవర్తి ఫోన్ చేశాడు. 'బిడ్ వేశారు' అన్నప్పుడే పెళ్లిచూపులు జరిగినట్టు. 'పర్సనల్ టర్మ్స్ కుదిరాయి' అంటే ఆటగాడి జీతం మాట అయింది, అతని క్లబ్బుతో మాత్రం ఇంకా కాలేదు. మనవాళ్లు ఎక్కువగా బోల్తా పడేది ఈ మెట్టు మీదే. ఆటగాడు ఒప్పుకున్నంత మాత్రాన అమ్మేవాడు ఒప్పుకున్నట్టు కాదు. మెడికల్, అంటే కొనే ముందు ఆటగాడికి చేసే ఆరోగ్య పరీక్ష, తాంబూలాలు. ఆ తాంబూలాల తర్వాత కూడా ఆగిపోయిన సంబంధాలు ఉన్నాయి.

2025 సెప్టెంబరు 1 రాత్రి మాకు అదే జరిగింది. వినాయక చవితి వెళ్లి అయిదు రోజులే అయింది. మా వీధి మండపంలో మైకు మోగుతూనే ఉంది, అక్కడే అరుగు మీద కూర్చుని ఫోన్లు చూస్తున్నాం. న్యూకాసిల్ నుంచి ఇసాక్ అనే ఆటగాడిని లివర్‌పూల్ 125 మిలియన్ పౌండ్లకు తెచ్చుకుంది, అప్పటికి బ్రిటన్‌లో అదే రికార్డు. నేను గాల్లో ఉన్నాను. క్రిస్టల్ ప్యాలెస్ కెప్టెన్ మార్క్ గేహి కూడా వస్తున్నాడు, 35 మిలియన్లకు మాట అయింది, మెడికల్ కూడా అయింది. నేను ప్రసాదం పులిహోర పంచినట్టు ఆ వార్త పంచాను. ఇంతలో ప్యాలెస్ వెనక్కి తగ్గింది. గేహి స్థానంలో వాళ్లు తెచ్చుకోవాలనుకున్న డిఫెండర్ వేరే క్లబ్బుకు పోయాడు, చేతిలో మనిషి లేకుండా కెప్టెన్‌ను ఎట్లా వదులుతారు? "ఏందిరా, పందిరి పీకేశారంటనే" అని బావ నవ్విన నవ్వు మైకు కన్నా గట్టిగా వినపడింది.

ఎవరు చెప్పారన్నది కూడా చూడాలి. ఇటలీ విలేఖరి ఫాబ్రిజియో రొమానో 'హియర్ వీ గో' అంటే మా బల్ల మీద దాన్ని తాంబూలాల మెట్టుగా తీసుకుంటాం. ఇంగ్లండ్ క్లబ్బుల సంగతిలో విలేఖరి డేవిడ్ ఆర్న్‌స్టీన్ మాటకు అంతే విలువ ఇస్తాం. పేరు ఊరు లేని అకౌంట్ ఏదైనా చెప్తే, దాన్ని వినిపించినవాడే ఆ పూట టీ డబ్బులు కట్టాలి. ఈ నిబంధన పెట్టాక పుకార్లు సగానికి సగం తగ్గాయి.

ఇంకో సంగతి, వార్త బయటికి రావడం వల్ల ఎవరికి లాభం? జీతం పెంచుకోవాలనుకునే ఆటగాడి ఏజెంటు 'ఫలానా పెద్ద క్లబ్బు చూస్తోంది' అని వదులుతాడు. యార్డులో పక్క కొట్టు ధర గొప్పగా చెప్పి మన కొట్టులో బేరమాడే మనుషుల్ని నేను చాలామందిని చూశాను.

మూడో అడుగు: ఒప్పందంలో ఎన్నాళ్లు మిగిలిందో చూడండి

ఒక్క ప్రశ్న మాత్రమే అడిగే అవకాశం ఉంటే నేను ఇదే అడుగుతాను. ఆటగాడు ఎన్ని గోల్స్ కొట్టాడన్నది తర్వాత చూసుకోవచ్చు.

మిర్చి ధర నచ్చకపోతే రైతు టిక్కీలు (మిర్చి బస్తాలు) తీసుకెళ్లి కోల్డ్ స్టోరేజీలో పెట్టుకోవచ్చు. అద్దె కట్టుకుంటూ ఆరు నెలలు చూస్తాడు. ఆటగాడిని అట్లా పెట్టుకోలేరు. ఒప్పందం రోజులు కరుగుతూనే ఉంటాయి, చివరి రోజు దాటాక క్లబ్బు చేతిలో ఏమీ మిగలదు. దీనికి మూలం 1995 డిసెంబరు 15 నాటి తీర్పు. జాన్ మార్క్ బాస్మన్ అనే బెల్జియం ఆటగాడు ఒప్పందం ముగిసినా పాత క్లబ్బు డబ్బు అడుగుతూ తనను కదలనివ్వడం లేదని కోర్టుకెక్కాడు. ఒప్పందం అయిపోయిన ఆటగాడు యూరోపియన్ యూనియన్‌లో మరో క్లబ్బుకు వెళ్తుంటే పాత క్లబ్బు రుసుము అడగకూడదని యూరోపియన్ కోర్టు తేల్చింది. ఇవాళ ఒప్పందంలో చివరి ఆరు నెలలకు వచ్చిన ఆటగాడు వేరే దేశం క్లబ్బుతో నేరుగా మాట్లాడుకోవచ్చు.

గేహి కథకు రెండో భాగం ఇక్కడే ఉంది. అతని ఒప్పందం 2026 వేసవి దాకానే. సెప్టెంబరులో 35 మిలియన్లు పలికిన మనిషిని జనవరిలో మాంచెస్టర్ సిటీ సుమారు 20 మిలియన్లకు తీసుకెళ్లింది. అతని ఆట ఏమీ తగ్గలేదు. నాలుగున్నర నెలలు గడిచాయి, అంతే. ప్యాలెస్ తప్పు చేసిందా అన్నది మాత్రం మా దగ్గర ఇంకా తేలలేదు. కెప్టెన్ అన్ని నెలలు ఆడినందుకు 15 మిలియన్లు అద్దె కట్టినట్టు అనుకోవాలని చెల్సీ మామ అంటాడు. నాకు ఆ లెక్క నచ్చింది, కానీ లివర్‌పూల్ అభిమానిగా ఒప్పుకోను.

లివర్‌పూల్ ఆటగాడు ట్రెంట్ అలెగ్జాండర్ ఆర్నాల్డ్ సంగతి ఇంకా తమాషా. 2025 జూన్ 30తో అతని ఒప్పందం అయిపోతుంది, ఆగితే రియల్ మాడ్రిడ్‌కు ఉట్టినే వస్తాడు. కానీ జూన్ మధ్యలో క్లబ్ ప్రపంచ కప్ ఉంది. ఆ కొద్ది వారాల కోసం మాడ్రిడ్ దాదాపు కోటి యూరోలు కట్టి ముందే తెచ్చుకుంది. మా విజయవాడ మిత్రుడు దాన్ని దండగ ఖర్చన్నాడు. తొందర ఎవరిదో వాళ్లే డబ్బు కట్టారని నేనన్నాను.

'ఫ్రీ' అన్న మాటను కూడా నమ్మకండి. 2024లో ఫ్రాన్స్ ఆటగాడు ఎంబాపే మాడ్రిడ్‌కు రుసుము లేకుండా వచ్చాడు, కానీ సంతకం చేసినందుకు పెద్ద మొత్తం ఆటగాడికే ముట్టింది. పాత క్లబ్బుకు పోవాల్సిన డబ్బులో కొంత ఆటగాడి జేబులోకి, కొంత ఏజెంటు జేబులోకి మళ్లుతుంది.

నాలుగో అడుగు: రిలీజ్ క్లాజ్ ఉంటే దాన్ని ఆసాంతం చదవండి

రిలీజ్ క్లాజ్ అంటే ఒప్పందంలోనే రాసుకున్న విడుదల ధర. ఎవరైనా అది కడితే క్లబ్బు కాదనడానికి వీల్లేదు. స్పెయిన్‌లో ఇది అందరికీ ఉంటుంది, నెయ్‌మార్‌ను బార్సిలోనా ఆపలేకపోయింది అందుకే. నార్వే ఆటగాడు ఎర్లింగ్ హాలండ్‌ను 2022లో జర్మనీ క్లబ్బు డార్ట్‌మండ్ నుంచి మాంచెస్టర్ సిటీ 60 మిలియన్ యూరోల క్లాజ్ మీదే తెచ్చింది. ఆనాటి అతని గోల్స్ చూసిన ఎవరికైనా అది చవక బేరమే.

కానీ ఈ క్లాజులకు తేదీలుంటాయి, షరతులుంటాయి. 2013లో ఎవర్టన్ ఆటగాడు ఫెలాయినీకి 23.5 మిలియన్ పౌండ్ల క్లాజ్ ఉండేది, అది జూలై చివరితో చెల్లిపోయింది. మాంచెస్టర్ యునైటెడ్ ఆగస్టంతా తటపటాయించి విండో చివరి రోజున అదే మనిషికి 27.5 మిలియన్లు కట్టింది. అప్పటి యునైటెడ్ మేనేజర్ డేవిడ్ మోయెస్ ఆ వేసవిలోనే ఎవర్టన్ నుంచి వచ్చాడు. అంటే సొంత పెరట్లోని చెట్టు కాయల ధర ఆయనకు తెలియదని అనుకోలేం. మా బావ ముందు ఈ సంగతి ఎత్తితే ఆయన టీ సగంలో వదిలేసి లేస్తాడు.

అదే వేసవిలో లివర్‌పూల్ ఆటగాడు సువారెజ్ కోసం ఆర్సెనల్ సరిగ్గా 4,00,00,001 పౌండ్లు ఇస్తామంది. నాలుగు కోట్లు దాటితే వదలాలని క్లాజ్ ఉందని వాళ్ల నమ్మకం, అందుకే పైన ఒక పౌండు. ఇంగ్లండంతా దీన్ని చూసి నవ్వింది. మనకెందుకు నవ్వొస్తుంది? నూట పదహార్లు, వెయ్యి నూట పదహార్లు చదివించే జాతి మనది. ఆర్సెనల్ వాళ్లు శాస్త్రోక్తంగానే చదివించారు, లివర్‌పూల్ వాళ్లే పుచ్చుకోలేదు. మరుసటి ఏడాది అంతకన్నా చాలా ఎక్కువకు సువారెజ్‌ను బార్సిలోనాకు అమ్మారు.

అయిదో అడుగు: లెక్కల పుస్తకం తెరవండి

ఇక్కడ నేను కొంచెం ఎక్కువసేపు కూర్చుంటాను, అలవాటు. ఆటల మనుషులు బోర్ అనుకుంటారు గానీ, గత కొన్నేళ్ల వింత కొనుగోళ్లు చాలావరకు ఇక్కడే అర్థమవుతాయి.

ముందు రూపాయల్లోకి మార్చుకోండి. పౌండు విలువ మారుతూ ఉంటుంది కాబట్టి మోటుగా ఒక మిలియన్ పౌండ్లంటే పదకొండు, పన్నెండు కోట్లు అనుకోండి. అంటే వంద మిలియన్ల ఆటగాడు వెయ్యి కోట్ల పైమాటే.

ఇప్పుడు అసలు సంగతి. క్లబ్బు 50 మిలియన్లకు ఒకడిని కొని అయిదేళ్ల ఒప్పందం ఇచ్చిందనుకోండి. పుస్తకంలో ఆ ఖర్చును ఏడాదికి పది చొప్పున అయిదేళ్లకు పంచి రాస్తారు. మూడేళ్లు గడిచాక ముప్పై ఖర్చు రాసేశారు, పుస్తకంలో అతని విలువ ఇరవై మిగిలింది. అప్పుడు 30 మిలియన్లకు అమ్మితే బయటివాళ్లు "యాభైకి కొని ముప్పైకి అమ్మారు, బుర్ర లేదు" అంటారు. పుస్తకంలో మాత్రం ఆ ఏడాది పది మిలియన్ల లాభం. ఈ ఒక్క లెక్క వస్తే బల్ల దగ్గర సగం మంది నోళ్లు మూయించొచ్చు.

చెల్సీ ఈ లెక్కను సాగదీసింది. 2023 జనవరిలో ఎంజో ఫెర్నాండెజ్‌ను 106.8 మిలియన్లకు కొని ఎనిమిదిన్నరేళ్ల ఒప్పందం ఇచ్చింది. పంచితే ఏడాదికి 12.5 మిలియన్ల చిల్లర. అదే అయిదేళ్లయితే 21 పైన పడేది. మిగతా క్లబ్బులు కళ్లు తెరిచాయి. అదే ఏడాది యూరప్ ఫుట్‌బాల్ సంస్థ యూఈఎఫ్ఏ, తర్వాత డిసెంబరులో ప్రీమియర్ లీగ్, ఒప్పందం ఎంత పొడుగున్నా ఖర్చును అయిదేళ్లకు మించి పంచకూడదని నిబంధన పెట్టాయి. పాత ఒప్పందాలకు అది వర్తించదు. చెల్సీ మామ ఈ విషయం చెప్పేటప్పుడు మీసం తిప్పుతాడు, ఆయనకు మీసం లేకపోయినా.

సొంత అకాడమీలో పెరిగిన కుర్రాడికి కొన్న ఖర్చు లేదు, పుస్తకంలో విలువ సున్నా. అమ్మితే వచ్చిందంతా లాభమే. చిన్నప్పటినుంచి చెల్సీలో పెరిగిన మేసన్ మౌంట్‌ను 2023లో యునైటెడ్‌కు 55 మిలియన్లకు ఎందుకు ఇచ్చేశారని ఎవరైనా గుండెలు బాదుకుంటే ఈ ఒక్క ముక్క చెప్పండి. ఇంటి పిల్లాడిని పంపితేనే లెక్క అందంగా కనపడే నిబంధన అది. నాకైతే నచ్చదు.

ఎందుకింత ఆరాటం? ప్రీమియర్ లీగ్‌లో మూడేళ్ల నష్టం మొత్తం 105 మిలియన్లు దాటకూడదన్న నిబంధన చాలా ఏళ్లు నడిచింది. దాటినందుకు ఎవర్టన్‌కు 2023 నవంబరులో పది పాయింట్లు కోశారు, అప్పీలు చేస్తే ఆరుకు తగ్గించారు, తర్వాత ఇంకో కేసులో రెండు కోశారు. నాటింగమ్ ఫారెస్ట్‌కు 2024 మార్చిలో నాలుగు పోయాయి. ఫారెస్ట్ సంగతి నాకు బాగా తగిలింది. లెక్కల ఏడాది జూన్ 30తో ముగుస్తుంది. వాళ్లు తమ ఆటగాడు బ్రెనన్ జాన్సన్‌ను అప్పుడు తక్కువకు అమ్మకుండా ఆగి, సెప్టెంబరు 1న టోటెన్‌హామ్‌కు 47.5 మిలియన్లకు అమ్మారు. వ్యాపారంగా చూస్తే సరైన పని. ఆగితే మంచి ధర వచ్చిందని వాళ్లు వాదించారు కూడా. తేదీ దాటింది కాబట్టి ఆ డబ్బు పాత ఏడాది లెక్కలోకి రాదని కమిషన్ తేల్చింది. అందుకని జూన్ చివరి వారంలో ఏదైనా క్లబ్బు హడావిడిగా ఎవరినైనా అమ్మితే ముందు క్యాలెండరు చూడండి. 2026-27 నుంచి ఈ నిబంధన స్థానంలో జట్టు ఖర్చును ఆదాయంలో 85 శాతానికి కట్టేసే పద్ధతి పెట్టాలని ప్రీమియర్ లీగ్ క్లబ్బులు నిర్ణయించుకున్నాయి, కాబట్టి పాత లెక్కలు కొన్ని మళ్లీ నేర్చుకోవాలి.

ఆరో అడుగు: కోచ్ మార్పు మీద నోరు పారేసుకునే ముందు

ఆటగాళ్ల మీద వాదన గంటలో చల్లారుతుంది. కోచ్ మీదైతే ఇంటిదాకా వస్తుంది. మా బావ, ఆర్సెనల్ తమ్ముడు ఒకసారి శంకర్ విలాస్ సెంటర్ దాకా వాదించుకుంటూ నడిచి, అక్కడ ఎవరి బండి వాళ్లు తీసుకుని మాట లేకుండా వెళ్లిపోయారు. మూడు రోజులు మాట్లాడుకోలేదు.

ముందు అడగాల్సింది ఆ ఉద్యోగం పేరు. సర్ అలెక్స్ ఫెర్గూసన్ 1986 నుంచి 2013 దాకా మాంచెస్టర్ యునైటెడ్ మేనేజర్. ఎవరిని కొనాలి, ఎవరిని పంపాలి, అన్నీ ఆయన మాటే. ఇప్పుడు చాలాచోట్ల ఆ ఉద్యోగం పేరు హెడ్ కోచ్. కొనుగోళ్లు స్పోర్టింగ్ డైరెక్టర్ చూస్తాడు. ఆర్నె స్లాట్ లివర్‌పూల్‌కు వచ్చింది హెడ్ కోచ్‌గానే, రూబెన్ అమోరిమ్ యునైటెడ్‌కు వచ్చిందీ అలాగే. కాబట్టి "ఈ పనికిరానివాడిని ఎందుకు కొన్నాడు?" అని కోచ్‌ను తిట్టే ముందు, కొన్నది అతనేనా అని చూడండి.

రెండోది, అతను ఎవరి జట్టుతో ఆడుతున్నాడు? 2024 వేసవిలో యునైటెడ్ తన కోచ్ ఎరిక్ టెన్ హాగ్ ఒప్పందం పొడిగించింది, ఆయనకు నెదర్లాండ్స్ క్లబ్బు అయాక్స్ రోజుల నుంచి తెలిసిన డి లిఖ్ట్, మజ్రావీలతో సహా సుమారు 200 మిలియన్లు పెట్టి ఆటగాళ్లను తెచ్చింది. తొమ్మిది లీగ్ మ్యాచ్‌లు కాగానే, అక్టోబరు 28న ఆయన్నే పంపేసింది. పోర్చుగల్ క్లబ్బు స్పోర్టింగ్ లిస్బన్‌కు 11 మిలియన్ యూరోలు కట్టి అమోరిమ్‌ను తెచ్చింది. అమోరిమ్ వెనక ముగ్గురు డిఫెండర్లతో ఆడించేవాడు, కొన్న జట్టేమో నలుగురి పద్ధతికి. ఆ సీజన్లో 15వ స్థానం. ఒక వంటమనిషికి కావాల్సిన సరుకులన్నీ తెచ్చి వంటమనిషిని మార్చేశారు. ఇక్కడ కొత్తాయన్ని ఎంతవరకు తిట్టాలన్నది బావ ఇష్టం, పచారీ లిస్టు రాసినవాళ్లను వదలొద్దని నేనంటాను.

దీనికి ఎదురు ఉదాహరణ మా ఇంట్లోనే ఉంది. లివర్‌పూల్ మేనేజర్ యుర్గెన్ క్లాప్ 2024 జనవరిలోనే వెళ్లిపోతున్నానని చెప్పేశాడు. వెతకడానికి నెలల సమయం దొరికింది. అప్పటి జట్టుకు సరిపోయే ఆట ఆడించే స్లాట్‌ను నెదర్లాండ్స్ క్లబ్బు ఫెయెనూర్డ్ నుంచి తెచ్చుకున్నారు. ఆ సీజన్లో జట్టులోకి కొత్తగా వచ్చింది ఒక్క కియేసానే. అయినా నాలుగు మ్యాచ్‌లు మిగిలుండగానే లీగ్ గెలిచారు. తొందర లేనివాడి బేరం అట్లా ఉంటుంది.

మూడోది కొంచెం కష్టమైన పాయింటు. కోచ్‌ను మార్చగానే జట్టు గెలవడం మొదలుపెడుతుందని అందరూ నమ్ముతారు. నిజంగానే చాలాసార్లు గెలుస్తుంది కూడా. కానీ కోచ్‌ను తీసేసేది ఎప్పుడు? వరసగా ఓడినప్పుడు. ఆ పాటికి జట్టు తన మామూలు స్థాయి కన్నా కిందకు జారి ఉంటుంది, ఎవరున్నా కొంత పైకి లేస్తుంది. బాస్ టెర్ వీల్ అనే ఆర్థికవేత్త నెదర్లాండ్స్ లీగ్‌లో 1986 నుంచి 2004 దాకా లెక్కలు తీసి, అదే రకం ఓటముల్లో ఉండి కోచ్‌ను మార్చని జట్లతో పోల్చి చూశాడు. మార్చనివీ దాదాపు అట్లాగే కోలుకున్నాయి. జ్వరం మూడో రోజు తాయెత్తు కట్టి నాలుగో రోజు తగ్గిందనుకోవడం లాంటిదే. దీన్ని బల్ల దగ్గర చెప్తే ఎవరూ ఒప్పుకోరు. నేను ఇప్పటికి ఆరుసార్లు చెప్పాను.

అయినా కోచ్ ఎవరైనా ఒకటేనని మాత్రం అనకండి. హైదరాబాద్ ఎఫ్‌సీని చూడండి. కోచ్ మనోలో మార్కెజ్ చేతిలో ఆ కుర్రాళ్ల జట్టు 2022 మార్చిలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీల్లో ఓడించి ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్) గెలిచింది. ఆ రాత్రి మేం టీ బదులు లస్సీ తాగాం. తర్వాత ఆయన గోవాకు వెళ్లాడు, ఒక ఏడాదిపాటు గోవా క్లబ్బును, భారత జట్టును రెండింటినీ చూసుకున్నాడు. ఇక హైదరాబాద్ క్లబ్బు 2025లో ఢిల్లీకి తరలిపోయింది. కోచ్ వెళ్లాడని బాధపడిన మాకు క్లబ్బే ఊరు మారుతుందని తోచలేదు.

ఏడో అడుగు: ఆట చూడండి

ఇది చిన్న అడుగే. మూడు నిమిషాల హైలైట్స్ చూసి ఆటగాడిని పొగడొద్దు, అందులో తప్పులు కత్తిరించేసి ఉంటాయి. రెండు పూర్తి మ్యాచ్‌లైనా చూడండి, అందులో ఒకటి ఓడింది అయ్యుండాలి. బంతి అతని దగ్గర లేనప్పుడు ఏం చేస్తున్నాడో గమనించండి. ఆ పని చేయడానికి ఓపిక లేకపోతే ధర గురించి మాట్లాడండి, ఆట గురించి వద్దు.

ఎనిమిదో అడుగు: పుస్తకంలో రాయండి

మా దగ్గర ఎర్ర అట్ట ఖాతా పుస్తకం ఒకటుంది, కొట్టు నుంచి నేనే తెచ్చాను. విండో మూసుకున్న రాత్రే ఒక్కొక్కరూ మూడు మాటలు రాయాలి. ఏ కొనుగోలు నిలుస్తుంది, ఏది మునుగుతుంది, ఏ కోచ్ క్రిస్మస్ దాకా ఉండడు. తేదీ వేసి సంతకం పెట్టాలి. కొట్టివేతలు చెల్లవు. 'అవ్వచ్చు, కాకపోవచ్చు' అని రాస్తే ఆ పేజీ చించేస్తాం. ఒకసారి మా తమ్ముడు "బాగా ఆడితే సక్సెస్ అవుతాడు" అని రాశాడు, ఆ వాక్యాన్ని రెండేళ్లుగా పెళ్లిళ్లలో కూడా వాడుతున్నాం.

పందెం డబ్బుతో వద్దు. మిర్చి బజ్జీ చాలు, ఓడినవాడు అందరికీ తలో నాలుగు. తీర్పు మే చివర్లో చెప్పుకుంటాం, అప్పుడు గుంటూరు ఎండకు ఎవరికీ గొంతెత్తే ఓపిక ఉండదు కాబట్టి గొడవలు తక్కువ. మూడు నెలలకే తీర్పు చెప్పకండి. కొత్త దేశం, కొత్త భాష, కొత్త పద్ధతి, ఒక్క సీజన్ అయినా ఇవ్వాలి. ఈ చివరి నిబంధనను పాటించినవాళ్లు మాలో ఎవరూ లేరు.

పుస్తకం మొదటి పేజీలో మాత్రం వాళ్లు నా చేతే రాయించి సంతకం పెట్టించారు. 2018 జనవరి 6, లివర్‌పూల్, పదేళ్లు. కొట్టు బాబాయి సాక్షి సంతకం చేశాడు.